ఒరలోని గొంగడి ముక్క

యాదలక్ష్మి పట్నం నుంచి తుపాకితో ఊళ్లో అడుగుపెట్టిన దగ్గర కిందటి వారం ఆగాం. మక్తల్ దిక్కు పల్లెల్లో అలాంటి సంగతి దాగదు. ఆమె బస్సు దిగి ఇల్లు చేరేలోపే, బీరన్న పెండ్లాం రివాల్వరు తెచ్చుకున్నదట అన్న మాట ముందే వచ్చి వాకిట్లో కూర్చుంది.

పోయిన చలికాలం, కృష్ణ ఒడ్డున మంద దించిన చోట, పొగమంచు విడవకముందే మైసయ్య అనేవాడు గొడ్డలితో బీరన్నను చంపాడు. గుట్ట కింద గొర్లు మేసే జాగాకు కంచె వేయనియ్యలేదన్నదే పగ. సద్దిమూట పట్టుకుని అప్పుడే అక్కడికి చేరిన యాదలక్ష్మి తప్ప చూసినవాళ్లు లేరు. ఆ ఒక్క సాక్ష్యం సోమవారం పాలమూరు కోర్టులో చెప్పాలి. మైసయ్య జైల్లోనే ఉన్నాడు గానీ అతని అన్న కురుమయ్య బయట తిరుగుతున్నాడు. సాక్షి కోర్టు మెట్లు ఎక్కదని కల్లు కాంపౌండులో అందరూ వినేలా అన్నాడు కూడా.

చావు నాడు బీరన్న నడుముకు రివాల్వరు ఉంది. బెదిరింపులు మొదలైనప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్న రివాల్వరు. ఒక్క గుండు పేలలేదు. తుపాకి పెట్టుకొని కూడా భయంతో బిర్రబిగిసి చచ్చిండని ఊరు అన్నది. మొగుడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. రాత్రిపూట పిల్లకు పాలిస్తూ యాదలక్ష్మి దాన్నే తిప్పి తిప్పి ఆలోచించేది. ఎందుకు తీయలేదు?

లైసెన్సు వారసురాలిగా ఆమె పేరుకు మారాక, తుపాకుల దుకాణంలో జమ ఉన్న ఆ రివాల్వరు తెచ్చుకోవడానికి మరిది నాగేందర్‌తో పట్నం పోయింది. దుకాణంలో ముసలాయన మొదట అడిగిన మాటకు ఆమె తెల్లబోయింది. ఎండాకాలానికా అమ్మా, చలికాలానికా అన్నాడు, చీరలమ్మే షావుకారిలాగ. తర్వాత ఆయనే విడమరిచి చెప్పాడు. ఎండాకాలం పలచటి బట్టల్లో దాచడం కష్టం, తీయడం తేలిక. చలికాలం ఏదైనా దాగుతుంది. కాని సైటరు, శాలువా, గొంగడి అన్నీ దాటుకుని చెయ్యి లోపలికి పోవాలి, తుపాకి పట్టుకుని మళ్లీ అన్నీ దాటుకుని బయటికి రావాలి. అక్కడే మనుషులు పోతారు.

నాగేందర్‌కు పలకలాగ పలచగా ఉన్న చిన్న పిస్తోలు నచ్చింది. అన్న రివాల్వరు ఇచ్చేసి అది తీసుకుందామన్నాడు. యాదలక్ష్మి పిస్తోలు చేతిలోకి తీసుకుంది. మొదటిసారి దాని పైభాగాన్ని వెనక్కి గుంజాలని, దానికి రెండు చేతులు కావాలని ముసలాయన చూపించాడు. ఆమె తన చేతిసంచిని ఎడమ సంకలో పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఒంటి చేత్తో చూసింది. కాలేదు. పిల్ల సంకలో ఉంటది సారూ అని కింద పెట్టేసింది. రివాల్వరుకు ఆ బాధ లేదు, తీసి వేలితో మీట నొక్కితే చాలు. పైగా బీరన్నది వెనక కొక్కెం బయటికి కనపడని రకం, ఉన్నిలో చిక్కుకోదు. మీట నొక్కడానికి బలం పట్టింది. చలికి వేళ్లు కట్టెలైనప్పుడు ఎట్లుంటుందో అని లోపల బెదిరింది కాని పైకి అనలేదు.

"ఆ తుపాకి అన్నను కాపాడలే వదినె," అన్నాడు నాగేందర్.

దుకాణం ముసలాయన రివాల్వరు మొత్తం విప్పి చూశాడు. తుపాకిలో ఏ లోపమూ లేదమ్మా అన్నాడు. ఆ మాటతో ఆమె గుండె ఇంకా కుంగింది. తుపాకిలో లేకపోతే లోపం మనిషిలో ఉన్నట్టే గదా.

తుపాకి దొరికింది కాని దాన్ని పెట్టుకునే ఒర దొరకలేదు. దుకాణంలో గోడ నిండా తోలు ఒరలు వేలాడుతున్నాయి. అన్నీ బెల్టుకు తగిలించేవే. చీర కట్టుకుని, పాలు తాగే పిల్లను ఎత్తుకుని తిరిగే ఆడమనిషి తుపాకి పెట్టుకుంటుందని వాటిని కుట్టినవాళ్లు ఎవ్వరూ అనుకోలేదు. అందుకే పోలీసులు సామానుతో పాటు తిరిగిచ్చిన బీరన్న ఒరనే పెట్టెలోంచి తీసింది. భుజం మీదుగా వేసుకుని నడుం పక్కన బిగించే పట్టీ ఉంది దానికి. ఒక పక్క కుట్టు తెంపి ఉంటే కుట్టుకుంది. ఎందుకు తెంపారో అప్పుడు ఆలోచించలేదు.

ఆదివారం ఇంకా వెలుగు పడకముందే గుండ్లు తీసేసిన రివాల్వరు ఒరలో పెట్టుకుని, పైన బీరన్న సైటరు తొడుక్కుని, గొంగడి కప్పుకుని గొర్ల దొడ్డికి పోయింది. కోర్టుకు పోయేనాడు ఎట్లుంటుందో ముందు తెలియాలి. వంగింది, కూర్చుంది, గొర్రెపిల్లను ఎత్తింది. పొగమంచు ఎంత కురుస్తున్నదంటే గొంగడి మీద బియ్యపు నూకలు చల్లినట్టు తెల్లగా నిలిచింది. ఒర నడుముకు మెత్తగా ఆనుకుంది. తోలు తగలలేదు. లోపలా, ఒంటికి ఆనే వైపూ ఎవరో ఉన్ని బట్ట వేసి కుట్టారు, అంచు ఒర మూతి దాకా వచ్చింది. వెచ్చగా ఉంది. ఇదే బాగుందనుకుంది, బీరన్న ఏర్పాటు బీరన్నదే అనుకుంది.

పొద్దెక్కాక వాకిట్లో గోడకు ఆనుకుని ఎండకు కూర్చుంది. ఒళ్లు కాగింది, బట్టలు ఆరాయి. ఇప్పుడు తీసి చూద్దామని గొంగడి కిందికి చెయ్యి పోనిచ్చి పిడి పట్టుకుని గుంజింది.

రాలేదు.

మళ్లీ గుంజింది. పట్టీ భుజాన్ని కోసింది, ఒర మొత్తం పైకి లేచింది, తుపాకి మాత్రం కదలలేదు. గొంగడి పక్కకు పడేసి రెండు చేతులా పట్టుకుని మెలితిప్పితే, ఎండిన పుండు మీది బట్ట ఊడినట్టు చప్పుడు చేస్తూ కొంచెం జరిగి ఆగిపోయింది. ఇనుము మీద గోధుమ రంగు చార. వేలితో ముట్టింది. జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుంది.

కొత్త గొంగడి వాసన.

మగ్గం మీది నుంచి దించిన గొంగడికి చింతగింజల అంబలి పట్టిస్తారు. బిగువుగా నిలుస్తుంది, వాన నీళ్లు జారిపోతాయి. భుజాల మీద గాలి తగులుతూ ఉన్నంతవరకు దానితో ఏ పేచీ లేదు. ఆ ముక్కనే కోసి తోలు సంచిలో మూసిపెట్టి, మంచులో నానబెట్టి, ఒంటి వేడికి ఆరబెడితే వడ్రంగి జిగురుకు తీసిపోదు. బీరన్న ఆ రాత్రంతా మంద దగ్గర మంచులోనే పడుకున్నాడు. నడుముకు ఈ ఒరతోనే. తుపాకి ఊడి రాకనే పోలీసులు దీని కుట్టు తెంపి ఉంటారు.

ఆ తెల్లవారుజాము ఆమె కళ్ల ముందు మళ్లీ నిలబడింది. మైసయ్య గొడ్డలి ఎత్తుతున్నాడు. బీరన్న చెయ్యి గొంగడి లోపల ఉంది. మోచెయ్యి ఒకసారి పైకి లేచింది, ఇంకోసారి లేచింది. అతను మైసయ్యను చూడడం లేదు, తల వంచి తన నడుం దిక్కు చూస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆమె దాన్ని భయమనుకుంది. దెబ్బ చూడలేక కళ్లు దించుకున్నాడనుకుంది. ఊరన్న మాటను నోటితో కాదంటూనే మనసులో ఎక్కడో ఒప్పుకుంది.

అతను భయపడలేదు. గుంజుతున్నాడు.

ఆమె అలాగే కూర్చుని ఉండగా అత్త జానమ్మ మల్లికను సంకన వేసుకుని ఇంట్లోంచి వచ్చింది. పిల్లకు ఏడాది దాటింది, అవ్వ మెడలో పూసల దండ చప్పరిస్తూ ఉంది.

"ఏంది బిడ్డా, గట్ల గుంజుతున్నవ్?"

"వస్తలేదత్తమ్మా."

పిల్లను కింద దించి జానమ్మ ఒర చేతిలోకి తీసుకుంది. పుట్టిన ఇంట్లోనూ మెట్టిన ఇంట్లోనూ ఉన్ని వడికిన చెయ్యి, చింతగింజలు నూరిన చెయ్యి. బొటనవేలి గోటితో చారను గీకింది, రెండు వేళ్ల నడుమ నలిపింది, నాలుక కొసకు అంటించుకుంది. అంతే, ఇక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మెల్లగా గడప మీద కూలబడింది.

"అంబలి," అన్నది.

యాదలక్ష్మి ఒర తీసుకుని కుట్టు మీద వేలు రాసింది.

"నేనే కుట్టిన."

"కుట్టు చూస్తే ఎరుకైంది."

"తోలు సల్లగ తగుల్తున్నదే అవ్వా, నడుముల మంచుగడ్డ పెట్టుకున్నట్టున్నది అన్నడు నా కొడుకు. నీ పెండ్లికని దాచిన కొత్త గొంగడి ఒకటి ఉండె. దాని అంచు కోసిన. ఉతికి కుడుదామనే అనుకున్న. ఉతికితే కొత్తది పాతదైతదని…" ఆమె మాట అక్కడ తెగిపోయింది.

యాదలక్ష్మికి ఈ ముసలిదాన్ని పట్టుకుని కుదిపి పారేయాలనిపించింది. అదే క్షణంలో ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేకపోయింది.

"ఊరంత పిరికోడన్నరు. నువ్వు ఇన్నవ్, నేను ఇన్న."

"ఇన్న."

"అడిగితే రేపు కోర్టుల గీ ముచ్చట చెప్పాల్సొస్తది అత్తమ్మా. తుపాకి ఉండంగ ఎందుకు కాల్చలే అని వాళ్ల వకీలు అడుగుతడంట."

"చెప్పు. నా కొడుకు పిరికోడు కాదని చెప్పు. ఎవరు కుట్టిండ్రని అడిగితే నా పేరు కూడ చెప్పు." జానమ్మ కళ్లలో నీళ్లు లేవు. ఏదో లెక్క ముగిసినట్టుంది ఆ ముఖం.

మల్లిక డేకుతూ పోయి అవ్వ మోకాలు పట్టుకుని లేచి నిలబడింది, ఎత్తుకోమని చేతులు చాపింది. జానమ్మ తన రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. పిల్ల కొంగు పట్టి లాగుతోంది, ఆమె వెనక్కి జరుగుతోంది.

"తీస్కపో బిడ్డా. నా చేతికియ్యకు. గీ చేతులతోని దేన్నీ పట్టుకోను."

అప్పటిదాకా అనుకున్నది వేరు. సోమవారం పిల్లను అవ్వ దగ్గర ఉంచి, నాగేందర్ బండి మీద యాదలక్ష్మి కోర్టుకు పోవాలి. సాయంత్రం దాకా బతిమాలినా జానమ్మ మెతుకు ముట్టలేదు, పిల్లను ముట్టలేదు. పొయ్యి దిక్కు తిరిగి పడుకుంది. పిల్లను ఇంకెవరింట్లోనైనా ఉంచుదామని నాగేందర్ అన్నాడు. ఎవరింట్లో అని అడిగింది యాదలక్ష్మి. కురుమయ్యకు భయపడని ఇల్లు ఆ వాడలో లేదు. ఎముకలు కొరికే ఆ చలిలో పాలపిల్లతో బండి మీద పోవడం కుదరదు. కాబట్టి ఆమె పిల్లతో బస్సులో పోవాలి, అతను బండి మీద బస్సు వెనకే రావాలి. తోడు వస్తామన్న పోలీసు జీపు వేరే పని మీద పోయిందని ఫోను వచ్చింది.

యాదలక్ష్మి ఒరలోంచి తుపాకిని, గొంగడి ముక్కను ఊడబెరికి, తోలును బూడిదతో రుద్ది, ఎండబెట్టి, నూనె పూసి, తుపాకి పెట్టి తీసింది. నీళ్లలోంచి చెయ్యి తీసినట్టు వచ్చింది. మళ్లీ గుండ్లు నింపింది. గొంగడి వద్దనుకుంది. సైటరు కుడి జేబు అడుగు కుట్టు విప్పేసింది. జేబులో చెయ్యి పెట్టుకుంటే చూసేవాళ్లకు చలికి పెట్టుకున్నట్టుంటుంది, వేళ్లు మాత్రం జేబు దాటి తిన్నగా పిడికి తగులుతాయి. ఒర కుడి పక్కకు. పిల్ల ఎడమ సంకకు. పైన శాలువా, అది కూడా ఎడమకే. చాలాసార్లు అద్దం ముందు చూసుకుంది. ఏమీ కనపడలేదు. బక్కచిక్కిన ఒక తల్లి, చలికి ముడుచుకుని నిలబడి ఉంది, అంతే.

సోమవారం పొద్దున మక్తల్ బస్టాండు పొగమంచులో మునిగి ఉంది. పాలమూరు బస్సు వచ్చేసరికే సీట్లు నిండాయి. యాదలక్ష్మి నడుమ దారిలో నిలబడింది. బస్సు కదిలిన మొదటి కుదుపుకే ఆమెకు తెలిసొచ్చింది, అన్నీ ఆలోచించి ఇది ఒక్కటి మరిచిపోయానని. ఎడమ చేత పిల్ల, పడిపోకుండా కడ్డీ పట్టుకోవడానికి కుడి చెయ్యి. జేబులో పెట్టుకోవడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లబడ్డాయి. వెనక నాగేందర్ బండి ఉన్నదో లేదో కనపడదు.

పక్క సీట్లో ఒక పెద్దామె ఇదంతా చూసి చేతులు చాపింది. బస్సులో కూర్చున్నవాళ్లు నిలబడ్డ తల్లి చేతిలోంచి పిల్లను తీసుకుని ఒళ్లో పెట్టుకోవడం ఆ దారిలో అందరూ చేసే పనే. అయినా యాదలక్ష్మి ఆగింది. ఆమె ముఖం చూసింది, చేతులకు పసుపు మరకలు, కాళ్ల దగ్గర కూరగాయల గంప. మూలమలుపులో పిల్ల తల కడ్డీకి తగలబోయింది. ఇంక ఇవ్వక తప్పలేదు. మల్లిక కొత్త ఒళ్లో నిమ్మళంగా కూర్చుంది. యాదలక్ష్మి ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని కుడి చెయ్యి జేబులోకి పోనిచ్చింది. పిడి మంచులాగ తగిలింది. ఊపిరి కుదుటపడింది.

ఆ నిమ్మళం రెండు ఊళ్లు దాటేదాకానే. ఒక స్టేజీ దగ్గర పెద్దామె గంప సర్దుకుంటూ లేచింది. యాదలక్ష్మి చెయ్యి జేబులోంచి బయటికి వచ్చేలోపే, కిటికీ పక్కన మంకీ క్యాపు వేసుకుని నిద్రపోతున్న మనిషి ఒళ్లో పిల్లను పెట్టి, జర పట్టుకో అన్నా అంటూ దిగిపోయింది. నడుమ జనం జరిగారు, సర్దుకున్నారు. బస్సు కదిలింది. ఆ మనిషి మెల్లగా టోపీ పైకి లాక్కున్నాడు.

కురుమయ్య.

పిల్లను ముఖం తన దిక్కు తిప్పుకుని ఛాతీకి ఆనించుకున్నాడు. మల్లిక అతని మీసం పట్టుకుంది.

"దా చెల్లె, కూసో. జాగ కాళీ అయింది గద," అన్నాడు, పక్క సీటు తట్టి.

"పిల్లనియ్యి."

"ఇస్త. మరికల్ల దిగినంక. మాట్లాడుకోవాల్సింది ఉంది మనకు." గొంతు మెత్తగా ఉంది, సొంత అన్న పలకరించినట్టే ఉంది. "నువ్వు పాలమూరు దాక పోయేదేమున్నది? అక్కడ గంతా సలి."

ఆమె వేలు జేబు లోపల తుపాకి మీదే ఉంది. ఈసారి అది వస్తుంది. గుంజితే చాలు, నీళ్లలోంచి వచ్చినట్టు వస్తుంది. కాని గుండు పోవాల్సిన దారిలో అతని ఛాతీకి ముందు తన పిల్ల వీపు ఉంది, పసుపుపచ్చ ఉన్ని టోపీ ఉంది. ఆ సంగతి కురుమయ్యకూ తెలుసు. అందుకే పిల్లను కిందికి దించడం లేదు.

బస్సు నెమ్మదించింది. కండక్టరు మరికల్ మరికల్ అంటూ తలుపు తెరిచాడు. కురుమయ్య పిల్లతో లేచాడు.

యాదలక్ష్మి అడ్డం నిలబడింది. గొంతు పెంచలేదు కాని చుట్టూ ఉన్న అందరికీ వినిపించింది. "గీ పిల్ల నాది. నా పెనిమిటిని సంపినోని అన్న గీయన. నేను సాక్ష్యానికి పోతున్న. దింపనియ్యకున్రి."

ఒకరిద్దరు సీట్లలోంచి లేవబోయారు. కురుమయ్య నిట్టూర్చాడు, ఇంటి గుట్టు బయటపెట్టుకోవాల్సి వచ్చిన పెద్దమనిషిలాగ అందరి దిక్కూ చూశాడు.

"మొగడు పోయినకాన్నుంచి మతి సక్కగ లేదు దీనికి. పిల్లను సంపుతదని నేనెత్తుకున్న. అబద్ధమైతే సూడున్రి, ఆ జేబుల తుపాకి ఉంది."

అన్ని కళ్లూ ఆమె కుడి చేతి మీదికి తిరిగాయి. మణికట్టు దాకా జేబులో ఉన్న చెయ్యి. లేవబోయినవాళ్లు అలాగే నిలిచిపోయారు, ఆమె పక్కనున్న ఆడవాళ్లు వెనక్కి ఒదిగారు. కండక్టరు ముఖం పాలిపోయింది. చెయ్యి బయటికి తీస్తే తుపాకి ఉందని తేలుతుంది. తీయకపోతే అతని మాటే నిజమవుతుంది.

వెనక నుంచి ఎవరిదో బలమైన చెయ్యి ఆమె మణికట్టును జేబు పైనుంచే ఒడిసి పట్టుకుని పక్కకు లాగింది. వదలమ్మా, వదులు అంటున్నాడు ఎవరో మంచివాడు. ఆమె వేలు ఇంకా లోపలే ఉంది, దాని మీద ఆ మంచివాడి బలమంతా పడుతోంది. తలుపు దగ్గర జనం పాయగా విడిపోయి కురుమయ్యకు దారి ఇచ్చారు. అతని భుజం మీదుగా మల్లిక తల్లిని వెతుక్కుంటూ చూసింది, కనపడగానే నవ్వింది. కురుమయ్య కింది మెట్టు మీద కాలు పెట్టాడు.